సూపర్‌చార్జరు పుట్టిన ఊరు

కాకినాడలోని రాష్ట్ర ప్రాచీన వాహన ప్రదర్శనశాలలో పదకొండు కార్లున్నాయి. వాటిలో పది కదలవు. కదిలే పదకొండవది కొండవాడ సంస్థానం రాజావారు ఒకప్పుడు ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించుకున్న ఆకుపచ్చని రెండు సీట్ల కారు. దాని ఇంజనుకు ముందు, రెండు దీపాల నడుమ, బిందెంత పరిమాణంలో ఒక అల్యూమినియం పెట్టె బిగించి ఉంటుంది. లోపల రెండు రోటర్లు వెంట్రుకవాసి ఎడంతో ఒకదానినొకటి తాకకుండా తిరుగుతూ గాలిని బలవంతంగా ఇంజనులోకి నెడతాయి. దానిని సూపర్‌చార్జరు అంటారు. రాష్ట్రంలో పనిచేసే స్థితిలో ఉన్న అటువంటి పాత యంత్రం అదొక్కటే.

పది కార్లు ఎందుకు కదలవో ప్రదర్శనశాల వార్షిక నివేదిక ఏటా ఎనిమిది పేజీలలో వివరిస్తుంది. పదకొండవది కదలడానికి కారణం కొప్పిశెట్టి ఏడుకొండలు. అతని పేరు నివేదికలో ఉండదు. దినవేతన మెకానిక్కుల పేర్లు నివేదికలో చేర్చే పద్ధతి లేదు. ఏడుకొండలుకు యాభై రెండేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఆ కారు బానెట్టు కింద గడిచాయి. సూపర్‌చార్జరును అతడు 'బ్లోయరు' అంటాడు. అది అలిగితే అతడికి ఆ పూట అన్నం సహించదు.

ఇలా ఉండగా, ఇంతటి విలువైన వాహనం అర్హత నిర్ధారణ కాని వ్యక్తి చేతిలో ఉండడం తగదని ప్రభుత్వానికి తోచింది. 'ప్రాచీన వాహన సంరక్షకుడు' అనే శాశ్వత ఉద్యోగం ఒకటి మంజూరయింది. దానిని భర్తీ చేసే బాధ్యత బెజవాడలోని ప్రాచీన సంపద నియామక మండలికి అప్పగించారు. భర్తీ అయిన రోజునే దినవేతన మెకానిక్కు సేవలు ముగుస్తాయని ప్రకటనలో ఉంది. అంటే ఆ ఉద్యోగం తెచ్చుకుంటే ఏడుకొండలు కారు దగ్గర ఉంటాడు, తెచ్చుకోలేకపోతే షెడ్డు తాళంచెవి ఇచ్చి ఇంటికి పోతాడు. సర్వీసులో ఉన్నవారికి యాభై అయిదేళ్ళ వరకు వయసు సడలింపు ఇవ్వడం ఒక్కటే ఆ ప్రకటనలో అతనికి కలిసొచ్చిన వాక్యం.

అభ్యర్థులచేత కారు బాగుచేయించి చూడాలని మండలిలో ఎవరో ఒక సభ్యుడు సూచించాడట. కార్యదర్శి చల్లా విజయసారథి గారు ఆ సూచనను తోసిపుచ్చారు. "చేతిపనిని అంచనా వేయడంలో అభిప్రాయభేదాలకు ఆస్కారం కలదు. నాలుగు ఐచ్ఛికాలలో ఒకదానికి గడి నింపడంలో అట్టి ఆస్కారం లేదు," అని ఆయన దస్త్రంలో వ్రాశారు. కనుక పరీక్ష నూరు ప్రశ్నలకు పరిమితమయింది. పాఠ్యాంశం ఒక్కటే: ప్రాచీన వాహనభాగాలు, అవి తయారైన ఊళ్ళు.

అటుపైన జిల్లాకు ఆ పిచ్చి పట్టుకుంది. కోచింగు కేంద్రాలు పుట్టుకొచ్చాయి. 'విజయపథం బిట్ బ్యాంకు' రెండు ముద్రణలు అమ్ముడుపోయింది. మంగలిషాపులో గడ్డానికి సబ్బు పూస్తూ కార్బురేటరు ఎక్కడిదని అడిగేవారు. సైకిలుకు గాలి కొట్టడం రానివారు సైతం ఫలానా మాగ్నెటో ఫలానా వీధిలో తయారైందని రిక్షా స్టాండులో పందేలు కాసేవారు.

ఏడుకొండలు ఇంట్లో చదువుకున్నాడు. భార్య మంగాయమ్మ పెరట్లో పండుగొప్ప చేపకు పొలుసు తీస్తూ ప్రశ్నలడిగేది.

"రేడియేటరు మూత ఏ ఊరిది?"

"మన దానిదా, పుస్తకంలో దానిదా?"

"పరీచ్ఛలో దానిదయ్యా మగడా. మన దాన్ని ఎవడడుగుతాడు?"

ఆ మాటలో ఎంత జ్ఞానం ఉన్నదో వారిద్దరికీ అప్పుడు తెలియదు.

పరీక్షకు నాలుగువేల మూడువందల పదహారుమంది హాజరయ్యారు. పదిహేను రోజులకు ప్రాథమిక కీ వెలువడింది. ఎనభై ఏడు మార్కులతో అమలాపురానికి చెందిన బొడ్డు సుహాసిని అనే అమ్మాయి మొదటి స్థానంలో నిలిచింది. ఎనభై ఆరు మార్కులతో ఏడుకొండలు రెండవవాడు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం.

తేడా వచ్చింది అరవై మూడో ప్రశ్నలో. 'కొండవాడ సంస్థానపు కారుకు గల సూపర్‌చార్జరు ఏ పట్టణమున తయారైనది?' ఐచ్ఛికాలు: ప్రెస్టన్, కోవెంట్రీ, హడర్స్‌ఫీల్డ్, చెల్మ్స్‌ఫర్డ్. ఏడుకొండలు ప్రెస్టన్ అని గడి నింపాడు. ఆ పేరు సూపర్‌చార్జరు ముందు మూతమీద బొటనవేలంత అక్షరాలలో పోతపోసి ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ అక్షరాల సందుల్లోని మురికిని అతడే పాత పళ్ళబ్రష్షుతో తీస్తున్నాడు. మండలివారి కీ ప్రకారం సమాధానం కోవెంట్రీ.

మరునాడు పొద్దున్నే అతడు ప్రదర్శనశాల సంచాలకులు నేమాని దక్షిణామూర్తి గారి గదికి వెళ్ళాడు.

"అయ్యగారండీ, అరవై మూడోది తప్పండి. మన బ్లోయరు మూతమీద ప్రెస్టనని పోతపోసుందండి, ఆయ్. ఒక్కసారి షెడ్డులోకొచ్చి చూడండి."

దక్షిణామూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడను, ఏడుకొండలూ. చూచితినా, నాకొక అభిప్రాయం ఏర్పడుతుంది. మండలి పరిశీలనలో ఉన్న విషయంపై సంచాలకుడు అభిప్రాయం కలిగి ఉండడం మర్యాద కాదు."

"కార్లో ఉన్నది కూడా చూడకూడదాండీ?"

"మరీ ముఖ్యంగా అది చూడకూడదు. అభ్యంతరముంటే ఆధారంతో మండలికి సమర్పించుకో. ఆధారం బలంగా ఉండాలి సుమా."

బలమైన ఆధారం అనగానే ఏడుకొండలుకు ఒక్కటే తోచింది. పన్నెండు బోల్టులు విప్పి, ఎనిమిది కిలోల ముందు మూతను ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, 'మరమ్మతు నిమిత్తం' అని గేటు చీటీ వ్రాయించుకుని బెజవాడ బస్సెక్కాడు.

"ఏటి బాబాయ్ సంచిలో, పనసకాయా?" అన్నాడు కండక్టరు.

"సాక్ష్యం."

"ఎవరినన్నా కొట్టడానికైతే పైనెట్టకు. కాళ్ళ దగ్గరెట్టుకో."

మండలి కార్యాలయంలో కార్యదర్శి విజయసారథి గారి బల్లమీద గాజుపలక ఉంది. ఏడుకొండలు సంచి విప్పి మూతను దానిమీద పెట్టబోగా ఆయన రెండుచేతులూ అడ్డం పెట్టారు. మూత నేలమీదే ఉండిపోయింది. కార్యదర్శిగారు కుర్చీలోంచి లేవకుండా దానిని వంగి చూశారు.

"ఇది ఏమి?"

"బ్లోయరు మూతండి. అరవై మూడో ప్రశ్నకండి."

"మీ అభ్యంతరమునకు ఆధారగ్రంథము?"

"ఇదేనండి."

"ఇది గ్రంథము కాదు."

"చదూకోడానికి అక్షరాలున్నాయి కదండీ."

కార్యదర్శిగారు ఫారంలోని గళ్ళను కలంతో తడుముతూ, "పుట సంఖ్య?" అన్నారు. ఏడుకొండలు మూతను తిరగేసి చూశాడు. వెనకవైపు పోతలోనే భాగం నంబరు ఉంది. "నాలుగువేల నాలుగువందల పదిహేడండి," అన్నాడు. కార్యదర్శిగారు దానిని నమోదు చేసుకుని కొంత శాంతించారు.

"చూడండి ఏడుకొండలు గారూ. ఈ వస్తువు తన జన్మస్థలమును తానే ప్రకటించుకొనుచున్నది. మీరు ఛాతీమీద మీ ఊరిపేరు వ్రాసుకుని వెళితే తహసీల్దారు మీకు నివాస ధ్రువపత్రమిస్తారా?"

"ఇవ్వరండి."

"మరి మనిషికి లేని వెసులుబాటు మూతకు ఎట్లు కల్పించగలం? స్వీయ ప్రకటన చెల్లనేరదు. గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో రండి."

"కోవెంట్రీ అని ఎవరు ధ్రువీకరించారండీ?"

"విజయపథం బిట్ బ్యాంకు, రెండవ ముద్రణ, నూటపన్నెండవ పుట."

"ఆ పుస్తకం రాసినాయనకి ఎవరు చెప్పారండీ?"

కార్యదర్శిగారు కీ తరువాత వెలువడిన మూడవ ముద్రణ తెరిచి అదే పుట అడుగున ఉన్న చిన్న అక్షరాలను చూపించారు. 'ఆధారం: నియామక మండలివారి ప్రాథమిక కీ.' అంతటి పటిష్ఠమైన ఆధారం ఎదుట ఏడుకొండలు సంచి మూతి కట్టుకున్నాడు.

దక్షిణామూర్తి గారు గెజిటెడ్ అధికారి. ఆకుపచ్చ సిరాతో సంతకం చేయడానికి ఆయనకు అధికారం ఉంది. మూతను పెట్రోలుతో కడిగి ఆయన ముందు పెట్టాడు ఏడుకొండలు. ఆయన ముఖం కిటికీవైపు తిప్పుకుని అలవాటైన చేత్తో సంతకం పెట్టి, ముద్ర వేశారు. ఆ ముద్రమీద 'అసలుతో సరిపోల్చి ధ్రువీకరించడమైనది' అని ఉంటుంది. అసలుమీదే ఆ ముద్ర పడడం ఆ కార్యాలయ చరిత్రలో అదే ప్రథమం.

మూత మళ్ళీ బెజవాడ వెళ్ళి, స్వీకృతి చీటీతో తిరిగి వచ్చింది. ఇక న్యాయం జరుగుతుందని ఏడుకొండలు అనుకున్నాడు. వారం తిరగకుండా మండలి నుంచి సంచాలకుల పేర ఒక మెమో వచ్చింది.

'గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన కారణమున సదరు మూత ఇప్పుడు అధికారిక పత్రముగా పరిగణింపబడుచున్నది. ప్రాథమిక కీ సైతము అధికారిక పత్రమే. ఒకే ప్రభుత్వమునకు చెందిన రెండు పత్రములు పరస్పరము విభేదించుట పరిపాలనాపరముగా ఆక్షేపణీయము. కావున తుది కీ వెలువడువరకు, ప్రాథమిక కీని అనుసరించి మూతను సవరించవలసినదిగా ఆదేశించడమైనది.'

దక్షిణామూర్తి గారు మెమోను రెండుసార్లు చదివి వినిపించారు. "మూతకు దెబ్బ తగలకుండా ఈ పని చేయగలవాడు రాష్ట్రంలో నువ్వొక్కడివే," అని మెచ్చుకున్నారు కూడా.

ఆ సాయంత్రం ఏడుకొండలు అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయాడు.

"చెయ్యనని చెప్పెయ్," అంది మంగాయమ్మ.

"చెయ్యకపోతే రేపే తీసేత్తారు. తీసేత్తే సర్వీసులో లేనట్టు. సర్వీసులో లేకపోతే వయసు సడలింపు పోద్ది. అది పోతే నేను పరీచ్ఛే రాయనట్టు. ఇంక రాయనోడికి అభ్యంతరమేటే?"

"అయితే నువ్వు రైటని తేలాలంటే, నువ్వు రైటన్న గుర్తు నువ్వే చెరిపెయ్యాలన్నమాట."

"ఆయ్."

"పెద్దపెద్ద చదువులు చదువుకున్నోళ్ళయ్యా," అంది ఆమె చేపముక్క అతని కంచంలో వేస్తూ. "మనలాంటోళ్ళకి ఇంత దూరం తట్టదు."

మరునాడు అతడు ఆకురాయి పట్టుకుని కూర్చున్నవేళకు షెడ్డు గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముప్ఫయ్యేళ్ళుంటాయి. భుజాన సంచి, చేతిలో అట్ట ఊడిపోయిన పుస్తకం.

"ఏడుకొండలుగారంటే మీరేనా బాబాయ్? నేను సుహాసినినండి. ఎనభై ఏడు."

"ఎనభై ఆరు," అన్నాడు ఏడుకొండలు తనను పరిచయం చేసుకుంటూ. "ఏం కావాలమ్మా?"

"ఏం లేదండి. అయిదేళ్ళనించి హాస్టల్లో కూర్చుని ఏ పరీక్ష పడితే ఆ పరీక్షకి చదువుతున్నాను. దీన్ని ఒక్కసారీ చూళ్ళేదు. ఎలా ఉంటాదో చూద్దామని."

అతడు పక్కకు జరిగాడు. ఆమె వంగి, మూతమీది అక్షరాలను వేలితో తడుముతూ ఒక్కొక్కటే చదివింది. చివరి అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది.

"ప్రెస్టనే కదండీ!"

"మరేటనుకున్నావు?"

"బిట్టు అలా ఉంది బాబాయ్. మాకు బిట్టే కదా దేవుడు." ఆమె ఆకురాయివైపు చూసి, మెమో విషయం విని, తలపట్టుకుంది. "నా మార్కు కోసం మీచేత ఇది చెరిపిస్తున్నారా? నాకు పాపం తగుల్తుందండీ."

"పాపం సంగతి తరవాత. వస్తువుని పట్టి ఉంచే బెంచీ వైసు విరిగిపోయి మూడేళ్ళయింది. వచ్చావు కాబట్టి ఆ చివర గట్టిగా పట్టుకో."

ఆ విధంగా ఇద్దరు ప్రత్యర్థులూ కలిసి, ఒకరు పట్టుకోగా ఒకరు అరగదీస్తూ, ప్రెస్టన్‌ను మధ్యాహ్నానికల్లా నేలమట్టం చేశారు. సాయంత్రం ఏడుకొండలు ఉలితో కోవెంట్రీ అని చెక్కాడు. అతని చేయి అబద్ధంలోనూ వంకర పోలేదు. అక్షరాలు ఇంగ్లండులో పోసినవాటికన్నా అందంగా వచ్చాయని సుహాసిని ఒప్పుకుంది.

తుది కీకై మండలి ముగ్గురు నిపుణులను నియమించింది. ఒకరు రాజనీతిశాస్త్ర ఆచార్యులు, ఒకరు విశ్రాంత పర్యాటక అధికారి, మూడవవారు ఇంగ్లండులో నలభై రోజులు ఉండి వచ్చినవారు. వారు అభ్యంతరంతోపాటు స్వీకృతినాడు తీసిన మూత ఛాయాచిత్రాన్ని, దానిపై గల ఆకుపచ్చ సంతకాన్ని భూతద్దంతో పరిశీలించి, సమాధానం ప్రెస్టన్ అని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఏడుకొండలుకు ఎనభై ఏడు, సుహాసినికి ఎనభై ఆరు.

మంగాయమ్మ వీధంతా పాయసం పంచింది. మండలి తనిఖీ బృందం కాకినాడ వచ్చేవరకే ఆ తీపి నిలిచింది. బృందం నాయకుడు మూత ముందు నిలబడి తుది కీని, మూతను మార్చి మార్చి చూశాడు.

"కీ ప్రకారము ప్రెస్టన్. మూత ప్రకారము కోవెంట్రీ. అనగా అభ్యర్థి సమాధానము కీ ప్రకారము ఒప్పు, కారు ప్రకారము తప్పు."

"అది నేనే చెక్కానండి. మెమో ఉందండి."

"తప్పని తెలిసియే చెక్కితిరా?"

"ఆయ్, బాగా తెలుసండి."

"ఆ మాట వ్రాసి ఇవ్వండి."

వ్రాసి ఇచ్చాడు. దాని ఫలితంగా మూతను తుది కీకి అనుగుణంగా పునరుద్ధరించాలని రెండవ మెమో వచ్చింది. పొడుచుకొచ్చిన అక్షరాలను అరగదీయడం ఒకటి, లోతుగా చెక్కిన అక్షరాలను మాపడం ఇంకొకటి. మాపాలంటే మూత అంతటినీ ఆ లోతుకు దింపాలి. ఆరు మిల్లీమీటర్ల మూత నాలుగున్నరకు దిగింది. దానిమీద ఏడుకొండలు మళ్ళీ ప్రెస్టన్ అని చెక్కుతుండగా షెడ్డు బయట నినాదాలు వినిపించాయి.

కోవెంట్రీ అని వ్రాసిన రెండువేలమంది అభ్యర్థులు మార్కు కోల్పోయి వీధికెక్కారు. 'కోవెంట్రీకి న్యాయం చేయాలి' అన్న బ్యానరు కలెక్టరేటు గోడకు వేలాడింది. దానికి ఎదురుగా 'ప్రెస్టన్ జోలికొస్తే ఖబడ్దార్' అన్న బ్యానరు లేచింది. హడర్స్‌ఫీల్డ్ అని గడి నింపినవారు సంఖ్యలో తక్కువైనా పట్టుదలగలవారు. ఆ పట్టణానికి జరిగిన చారిత్రక అన్యాయాన్ని నిరసిస్తూ వారు టెంటు వేసుకుని రిలే నిరాహారదీక్షకు కూర్చున్నారు. చెల్మ్స్‌ఫర్డ్‌వారు ఎనిమిదిమందే. అయినా ఒకరోజు బందుకు పిలుపునిచ్చారు. ఆదివారం కావడంవల్ల అది విజయవంతమయింది.

ప్రభుత్వం సమీక్షా సంఘాన్ని వేసింది. సంఘం ఎదుట సాక్ష్యమివ్వడానికి ఏడుకొండలును పిలిచారు. బెజవాడ బయలుదేరేముందు మంగాయమ్మ అతని చొక్కా కాలరు సర్దుతూ, "అడిగినదానికి ప్రెస్టనని చెప్పి ఊరుకో. తెలుసు కదాని అన్నీ చెప్పకు," అని మరీ మరీ చెప్పింది.

"ఈ యంత్రములో హడర్స్‌ఫీల్డ్‌కు ఏమైనా సంబంధము కలదా?" అని అడిగారు సంఘాధ్యక్షులు.

లేదంటే సరిపోయేది. కాని ఇరవై రెండేళ్ళుగా తన చేతుల్లో తిరుగుతున్న గేర్లను అతడు కాదనలేకపోయాడు. "గేర్లు అక్కడివండి. పళ్ళ పక్కన గుద్దుంటుందండి."

"చెల్మ్స్‌ఫర్డ్?"

"బేరింగులండి. రెండూ."

"కోవెంట్రీ?"

"మూతా పెట్టీ ప్రెస్టన్‌లో పోసారండి. మొత్తం కూర్చి కారుకి బిగించింది కోవెంట్రీలోనండి. కారుతో వచ్చిన పటం మీద రాసుందండి."

అధ్యక్షులు ఎంతో సంతోషించారు. ఏ పక్షాన్నీ నొప్పించకుండా సంఘం నివేదిక ఇచ్చింది: నాలుగు ఐచ్ఛికాలూ సరైనవే, ఆ ప్రశ్నకు అందరికీ మార్కు ఇవ్వవలెను. ఏడుకొండలుకు ఎనభై ఏడు, సుహాసినికి ఎనభై ఏడు. సమానమైతే వయసులో పెద్దవారికి ప్రాధాన్యం. ఉద్యోగం మళ్ళీ ఏడుకొండలుదే. నిరాహారదీక్ష విరమించినవారికి కలెక్టరుగారు స్వయంగా నిమ్మరసం ఇచ్చారు.

మూడవ మెమో మూడవరోజున వచ్చింది. 'మూతపై నాలుగు పట్టణముల నామములను సమాన పరిమాణముగల అక్షరములతో చెక్కవలెను. అట్లు చెక్కినట్లు నిర్ధారణ అయిన మీదటనే నియామకపు ఉత్తర్వు జారీ చేయబడును.'

ఏడుకొండలు ప్రెస్టన్‌ను మాపి, మందం కొలిచే కాలిపరు పెట్టి చూశాడు. మూడు మిల్లీమీటర్లు. నాలుగు ఊళ్ళ పేర్లు ఆ లోతున చెక్కితే మిగిలేది తగరపు రేకు. ఇంజను ఊపందుకుంటే గాలి ఆ నాలుగు ఊళ్ళగుండా బయటికి పోతుంది. అతడు ఉలిని మూతమీద ఆనించాడు. సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తిని కాసేపు అలాగే ఉంచి, దించి, చేతులు తుడుచుకుని సంచాలకుల గదికి వెళ్ళాడు.

"చెక్కనండి," అన్నాడు.

దక్షిణామూర్తి గారు ఉలిక్కిపడ్డారు. "ఉద్యోగమయ్యా! శాశ్వతం! పింఛను!"

"చెక్కితే అది చచ్చిపోద్దండి. చచ్చిపోయిన దానికి సంరచ్ఛకుడేంటండీ. ఇదిగోండి తాళంచెవి. ఆ సుహాసినమ్మకిచ్చేయండి. ఆవిడా చెక్కలేదు. ఆవిడకి సుత్తి పట్టుకోవడం రాదు. అదే దానికి మంచిది."

తాళంచెవి బల్లమీద పడింది. సంచాలకులు దానివైపు చాలాసేపు చూశారు. తరువాత లేచి, సర్వీసులో మొట్టమొదటిసారి, షెడ్డు వరకూ నడిచారు. మూత నున్నగా, ఏ ఊరి పేరూ లేకుండా, కిటికీ వెలుతురులో మెరుస్తున్నది. ఆయన దానివైపు సూటిగా చూశారు. ఏడుకొండలు అది గమనించాడు. తాను చూసినట్లు అతడు గమనించాడని ఆయనా గమనించారు.

"నేనేమీ చూడలేదు," అన్నారు దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకుని. "చూచి ధ్రువీకరించమంటేనే నాకు ఇబ్బంది. చూడకుండా ధ్రువీకరించడం ముప్ఫయి ఏళ్ళుగా నా అధికార పరిధిలోనిదే."

గదికి తిరిగివెళ్ళి, నాలుగు పట్టణముల నామములు నిర్ణీత పరిమాణములో విరాజిల్లుచున్నవని ఆకుపచ్చ సిరాతో ధ్రువపత్రం వ్రాశారు. ఏడుకొండలు తాళంచెవి తిరిగి జేబులో వేసుకున్నాడు.

తనిఖీ బృందం వచ్చింది. బృందం నాయకుడు ధ్రువపత్రాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. సంతకం చూశాడు, ముద్ర చూశాడు, ఫారంలో నాలుగు టిక్కులు పెట్టాడు. ఏడుకొండలు మూత బిగించిన సూపర్‌చార్జరు ముందు నిలబడ్డాడు. అటెండరు టీ తెచ్చాడు. నాయకుడు ఒక గుక్క తాగి, గ్లాసు పెట్టడానికి చోటు వెతికి, ఎగుడుదిగుడు లేకుండా సమంగా ఉన్న చోటు అదొక్కటే కావడంతో, మూతను ఆనుకుని ఉన్న అంచుమీద పెట్టి, మూతమీద అరచెయ్యి ఆన్చి సేదతీరాడు.

"అక్షరములు చాలా బాగున్నవి," అన్నాడు వెళ్ళేముందు.

పదిరోజులకు రిజిస్టరు పోస్టులో నియామకపు ఉత్తర్వు వచ్చింది. మంగాయమ్మ దానిని దేవుడి పటం ముందు పెట్టి, కవరు బరువుగా ఉందని లోపల చెయ్యి పెట్టి చూసింది. రెండవ కాగితం ఉంది.

'శాశ్వత ఉద్యోగులెవరూ ఒకే స్థానమున అయిదు సంవత్సరములకు మించి పనిచేయరాదు. శ్రీ కొప్పిశెట్టి ఏడుకొండలు ప్రస్తుత స్థానమున ఇరవై రెండు సంవత్సరములు పూర్తి చేసినట్లు రికార్డులవలన తెలియుచున్నందున, ఆయనను అనంతపురమున ప్రతిపాదిత ప్రాచీన వాహన ప్రదర్శనశాలకు బదిలీ చేయడమైనది.'

"ప్రతిపాదిత అంటే?" అంది మంగాయమ్మ.

"కట్టాలనుకుంటన్నారంట. శంకుస్థాపన రాయి పాతారంట."

"కార్లు?"

"రాయే ఉంది."

ఆమె రెండవ కాగితాన్ని మడిచి కవరులో పెట్టింది. తరువాత, "పర్మినెంటు రాయేనా?" అంది. ఏడుకొండలు నవ్వుదామని ప్రయత్నించాడు గాని ముఖం సహకరించలేదు.

అతడు వెళ్ళిపోవడంవల్ల కాకినాడలో ఏర్పడిన ఖాళీని, శాశ్వత భర్తీ జరిగేవరకు, జాబితాలో తరువాతి అభ్యర్థితో ఔట్‌సోర్సింగు పద్ధతిపై నింపమన్నారు. సుహాసిని చేరిన రోజున చార్జి అప్పగింత పట్టీమీద ఇద్దరూ సంతకాలు చేశారు. 'తయారైన స్థలము' అన్న గడిలో దక్షిణామూర్తి గారు తన చేత్తోనే 'పైవన్నీ' అని నింపారు.

బస్సుకు ఇంకా గంట వ్యవధి ఉంది. ఏడుకొండలు బానెట్టు ఎత్తి కారు స్టార్టు చేశాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన సూపర్‌చార్జరుకు ఆనించి, పిడి సుహాసిని చెవి దగ్గర పెట్టాడు.

"ఏం వినపడతంది?"

ఆమె కళ్ళు మూసుకుంది. "తేనెటీగలు బాబాయ్. చాలా దూరంలో."

"అదీ. తేనెటీగలు దగ్గరికొచ్చినట్టుంటే ఆయిలు తగ్గింది. ఇసక నమిలినట్టుంటే బేరింగు. టక్కుటక్కుమందంటే వెంటనే ఆపేసి నాకు ఫోను చెయ్యి. ఎక్కడున్నా బస్సెక్కి వచ్చేత్తాను."

సుహాసిని సంచిలోంచి నోటుపుస్తకం తీసి కలం మూత విప్పింది.

"రాయకమ్మా," అన్నాడు ఏడుకొండలు స్క్రూడ్రైవరు తీయకుండానే. "రాశావంటే రేపు ఎవడో దాన్ని బిట్టు చేసేత్తాడు."